పదమూడేళ్లు ఆగిన ప్రయాణం

నరసాపురం, పాలకొల్లు పేర్లు చెబితే ఈ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాల్లో పెద్దవారికి గోదావరి డెల్టా మిషన్ గుర్తుకు వస్తుంది. 1836లో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన రెండు సామాన్య కుటుంబాలు దీనికి పునాది వేశాయి. ఒకాయన రాతిపని మేస్త్రీ విలియం బౌడెన్. రెండో ఆయన జోళ్లు కుట్టి బతికే జార్జి బీర్. ఈ ఇద్దరి పేర్లు అక్కడి సంఘాల్లో ఇప్పటికీ తలచుకుంటారు. వీరిని ఓడ ఎక్కించి తీసుకువచ్చిన పెద్దమనిషి పేరు మాత్రం అంతగా వినిపించదు.

ఆయన పేరు ఆంథోనీ నారిస్ గ్రోవ్స్. వృత్తికి పళ్ల డాక్టరు. 1816లో పెళ్లి చేసుకునే నాటికే విదేశాలకు మిషనరీగా వెళ్లాలన్న కోరిక ఆయన మనసులో ఉంది. ఆ కుటుంబం ఇల్లు కదిలింది మాత్రం 1829లో. మధ్యన పదమూడేళ్లు గడిచిపోయాయి. ఆ తర్వాత కూడా ఆయన ఇండియాకు నేరుగా రాలేదు. బాగ్దాదులో భార్యను, పసిబిడ్డను పోగొట్టుకుని గానీ మన దేశం నేల మీద కాలు పెట్టలేదు.

ప్రయాణం వాయిదా పడితే ఇంట్లో ఎట్లా ఉంటుందో గోదావరి జిల్లాల పల్లెలకు ఒకరు చెప్పనవసరం లేదు. కువైట్‌కో, మస్కట్‌కో వెళ్లడానికి పాస్‌పోర్టు తీసుకుని, మెడికల్ చేయించుకుని, వీసా కోసం నెలల తరబడి కూర్చున్న ఇళ్లు ఊరూరా ఉన్నాయి. కౌలు పొలం వదిలేసి, పాడిగేదెను అమ్మేసి, ఇటు ఇక్కడి పని లేక, అటు అక్కడి పిలుపు రాక సతమతమయ్యే వారెందరో. "ఆలస్యం అమృతం విషం" అన్నారు పెద్దలు. "నిదానమే ప్రధానం" అన్నదీ ఆ పెద్దలే. గ్రోవ్స్ కుటుంబం విషయంలో ఈ రెండు సామెతలూ నిజమయ్యాయి.

ఇల్లాలు వద్దన్నారు

గ్రోవ్స్ 1795లో ఇంగ్లండులోని హాంప్‌షైర్ ప్రాంతంలో జన్మించారు. పందొమ్మిదో ఏటనే ప్లిమత్ పట్టణంలో పళ్ల వైద్యం ప్రారంభించారు. చర్చి మిషనరీ సొసైటీ తరఫున దూరదేశాలకు వెళ్లాలన్న ఆలోచన అప్పుడే కలిగింది. ఇంతలో దగ్గర బంధువుల అమ్మాయి మేరీతో వివాహమైంది. కాపురం ఎక్సెటర్ పట్టణానికి మారింది. ప్రాక్టీసు బాగా సాగింది. ఏడాదికి వెయ్యి పౌన్లకు పైగా రాబడి ఉండేది. సామాన్య కూలీకి ఏడాదంతా ఒళ్లు వంచినా ముప్ఫై పౌన్లు దొరకడం గగనమైన రోజులవి.

పెళ్లయిన కొత్తలోనే ఆయన తన కోరిక భార్యకు చెప్పారు. ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. ఆమెను తప్పుపట్టడానికి లేదు. ఆ రోజుల్లో దూరదేశం వెళ్లిన మిషనరీల్లో తిరిగివచ్చేవారు తక్కువ. తెలుగుదేశం సంగతే చూస్తే, లండన్ మిషన్ తరఫున విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్‌ల కథ కళ్లెదుటే ఉంది. 1805లో విశాఖలో దిగిన ఆ ఇద్దరిలో క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. వారు రావడం కూడా తేలిగ్గా జరగలేదు. కంపెనీ ఓడల్లో మిషనరీలకు చోటు ఇవ్వనందున డెన్మార్కు మీదుగా చుట్టు తిరిగి, డేనిష్ వారి తరంగంబాడి రేవులో దిగవలసి వచ్చింది.

ఈస్టిండియా కంపెనీ వారికి అప్పట్లో మిషనరీలంటే గిట్టేది కాదు. మతం జోలికి పోతే జనంలో అలజడి రేగి వ్యాపారానికి ముప్పు వస్తుందని వారి భయం. 1813లో పార్లమెంటు చట్టం చేశాకనే కొంత దారి దొరికింది. అప్పటికీ లైసెన్సు ఉండాల్సిందే. 1833 చట్టం తరువాతనే ఆ కట్టుబాట్లు చాలావరకు సడలాయి. ఇప్పటి వీసా బాధ అప్పట్లో కంపెనీ అనుమతి రూపంలో ఉండేదన్న మాట.

గ్రోవ్స్ భార్యను బలవంతపెట్టి లాక్కుపోలేదు. ఒంటరిగా వెళ్లిపోనూ లేదు. ఆమె ఒప్పుకొనేదాకా ఆగారు. ఆ ఆగడం దాదాపు పదేళ్లు పట్టింది.

మనసు మారిన వైనం

ఆ పదేళ్లు దంపతులిద్దరూ ఊరికే కూర్చోలేదు. సంపాదనలో పదో వంతు పేదలకు ఇవ్వడంతో మొదలుపెట్టారు. తరువాత అది నాలుగో వంతు అయింది. చివరకు తిండికి, బట్టకు పోగా మిగిలినదంతా ఇచ్చేసే స్థితికి వచ్చారు. ఎక్సెటర్‌లో పేదల ఇళ్లకు వెళ్లి వారి కష్టసుఖాలు చూసే పని మేరీ చేతుల మీదుగా సాగింది. ఆ ఇళ్లల్లో తిరగ్గా తిరగ్గా ఆమె మనసు మారింది. డబ్బుకు, హోదాకు అంటిపెట్టుకుని ఉండడంలో అర్థం లేదన్న నిశ్చయానికి ఆమె తనంత తానుగా వచ్చారు. 1825 ప్రాంతంలో ఆమె ప్రయాణానికి సరేనన్నారు.

అదే 1825లో గ్రోవ్స్ ఒక చిన్న పుస్తకం ప్రకటించారు. క్రైస్తవుడు ఆస్తి కూడబెట్టకుండా, రేపటి గురించి దేవుని మీద భారం వేసి బతకాలన్నది దాని సారాంశం. మాట చెప్పి ఊరుకోలేదు. తన ప్రాక్టీసును బంధువుకు అప్పగించి వదిలేశారు. ఆయన చెల్లెలు మేరీని 1830లో జార్జి ముల్లర్ వివాహమాడారు. బ్రిస్టల్ నగరంలో అనాథాశ్రమాలు పెట్టి, తన జీవితకాలంలో పదివేల మందికి పైగా పిల్లలను ఆదరించిన ముల్లర్ ఈయనే. గ్రోవ్స్ మాటలు, నడత ముల్లర్ మీద గట్టిగా పనిచేశాయి.

దొంగలు ఆపిన చదువు

భార్య ఒప్పుకున్నాక కూడా ప్రయాణం ముందుకు సాగలేదు. ఈసారి అడ్డం వచ్చినది సొసైటీ నిబంధన. గురుపట్టం లేనిదే పంపడం కుదరదన్నారు. గ్రోవ్స్ ముప్ఫై ఏళ్ల వయసులో మళ్లీ విద్యార్థి అయ్యారు. ఐర్లండులోని డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో చేరి, ఇంటి దగ్గర చదువుకుంటూ పరీక్షలకు మాత్రం సముద్రం దాటి వెళ్లివచ్చేవారు.

1827లో ఒక పరీక్షకు బయలుదేరే ముందు ఇంట్లో దొంగలు పడ్డారు. డబ్లిన్ ఖర్చులకు దాచిన 40 పౌన్లు పట్టుకుపోయారు. పన్నులు కట్టడానికి విడిగా ఉంచిన 16 పౌన్లు మాత్రం తాకకుండా వదిలేశారు. చదువు మీద అప్పటికే సందేహంలో ఉన్న గ్రోవ్స్ దీన్ని దేవుడిచ్చిన జవాబుగా తీసుకున్నారు. డబ్లిన్ ప్రయాణం మానుకున్నారు. చదువు అంతటితో ఆగింది.

పోనీ, పట్టం లేకుండా మామూలు మనిషిగానే వెళతానన్నారు. అట్లా వెళితే ప్రభువు బల్ల సంస్కారం జరిపించే అధికారం ఉండదన్నారు. ఈ మాట గ్రోవ్స్‌ను లోతుగా ఆలోచింపజేసింది. వాక్యం చెప్పడానికి, రొట్టె విరవడానికి మనుషులు ఇచ్చే పట్టా ఎందుకన్న ప్రశ్న అక్కడే పుట్టింది. సొసైటీ ప్రమేయం లేకుండా, జీతం లేకుండా వెళ్లడానికి నిశ్చయించుకున్నారు. ఈ నిశ్చయమే తరువాత ఒక మేస్త్రీకి, ఒక జోళ్లు కుట్టే పనివాడికి నరసాపురం దారి తెరిచింది.

బాగ్దాదులో మృత్యువు

1829 జూన్ 12న గ్రోవ్స్ కుటుంబం ఒక చిన్న ఓడలో రష్యాకు బయలుదేరింది. భార్య మేరీ, చిన్నవారైన కొడుకులు హెన్రీ, ఫ్రాంక్ వెంట ఉన్నారు. పిల్లలకు చదువు చెప్పడానికి జాన్ కిట్టో అనే యువకుడు వచ్చాడు. చిన్నతనంలో నిచ్చెన మీద నుంచి పడి వినికిడి పోగొట్టుకున్న ఈ కిట్టో తరువాత బైబిలు విజ్ఞాన గ్రంథాల రచయితగా పేరుపొందాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి బళ్ల మీద రష్యా, కాకసస్ కొండలు దాటి డిసెంబరులో బాగ్దాదు చేరారు. దారికే ఆరు నెలలు పట్టింది.

బాగ్దాదులో బడి పెట్టారు. కళ్ల జబ్బులకు మందులు వేశారు. అంతా కుదుటపడుతుందనుకునే వేళ, 1831 వసంతంలో ప్లేగు వచ్చింది. దాని వెనుకే టైగ్రిస్ నదికి వరద వచ్చి పట్టణం మీద పడింది. వేల ఇళ్లు కూలాయి. నీరు చుట్టుముట్టడంతో ప్లేగు నుంచి పారిపోవడానికి కూడా దారి లేకపోయింది. ఆ వెంటనే సైన్యం వచ్చి పట్టణాన్ని ముట్టడించింది. జనాభాలో సగానికి పైగా నశించారు. తుపానులు, గోదావరి వరదలు, కొల్లేరు ముంపు ఎరిగిన మనవారికి కూడా ఒకే వేసవిలో ఇన్ని ఉపద్రవాలు ఊహకు అందవు.

1831 మే 14న మేరీ ప్లేగుతో మరణించారు. బాగ్దాదులో పుట్టిన ఆడబిడ్డ కూడా ఆగస్టులో చనిపోయింది. పదేళ్లు ఆలోచించి ఇల్లు వదిలిన ఆ తల్లికి పరదేశంలో రెండేళ్లయినా నిండలేదు. ఇద్దరు మగపిల్లలతో గ్రోవ్స్ మిగిలారు.

దారిలో చిక్కుకున్న తోటివారు

ఈ కష్టకాలంలో గ్రోవ్స్‌కు తోడు రావలసిన వారు దారిలోనే ఆగిపోయారు. జాన్ పార్నెల్, ఎడ్వర్డ్ క్రోనిన్, ఫ్రాన్సిస్ న్యూమన్ మొదలైన వారు 1830 సెప్టెంబరులో ఐర్లండు నుంచి బయలుదేరారు. బాగ్దాదులో ప్లేగు, ముట్టడి ఉన్నందున సిరియాలోని అలెప్పోలో ఏడాదికి పైగా కూర్చోవలసి వచ్చింది. పార్నెల్ అక్కడే క్రోనిన్ చెల్లెలిని పెళ్లాడారు. ఆమె కొద్దికాలానికే జబ్బుచేసి మరణించారు. చివరకు ఆ బృందం బాగ్దాదు చేరింది 1832 జూన్‌లో. అప్పటికి మేరీ పోయి ఏడాది దాటింది.

ఆనాటి మిషనరీ కుటుంబాల్లో వెళ్లడమే కాదు, తిరిగి రావడమూ ఇట్లాగే ఉండేది. 1841లో మచిలీపట్నం వచ్చిన హెన్రీ ఫాక్స్ దొర కథ ఇందుకు నిదర్శనం. నోబుల్ కళాశాలకు పేరిచ్చిన రాబర్ట్ నోబుల్‌తో కలిసి ఆయన వచ్చారు. భార్య ఆరోగ్యం చెడడంతో 1845లో ఇంగ్లండు ప్రయాణమైతే, ప్రయాణం మొదలైన తొలి రోజుల్లోనే భార్య, చిన్నబిడ్డ కన్నుమూశారు. ఫాక్స్ 1846లో మళ్లీ మచిలీపట్నం వచ్చారు గాని ఆరోగ్యం సహకరించక వెనక్కు వెళ్లి 1848లో మరణించారు. గ్రోవ్స్ ఒకప్పుడు చేరాలనుకున్న చర్చి మిషనరీ సొసైటీ వారే ఈ మచిలీపట్నం మిషన్‌ను నడిపారు. ఏలూరుకు వచ్చి పనిచేసినదీ వారే.

కాటన్ దొర పిలుపు

గ్రోవ్స్‌ను మన దేశానికి పిలిచిన వ్యక్తి ఎవరో తెలిస్తే గోదావరి రైతులు ఆశ్చర్యపోతారు. ఆయన మరెవరో కాదు, ఆర్థర్ కాటన్. అప్పటికింకా ధవళేశ్వరం ఆనకట్ట లేదు. కాటన్ ఆ రోజుల్లో కావేరి పనుల్లో ఉన్న యువ ఇంజనీరు. భక్తిపరుడు. ఆయన ఆహ్వానం మీద గ్రోవ్స్ 1833లో ఇండియా వచ్చి, బొంబాయి నుంచి తిరునల్వేలి, సింహళం, కలకత్తా దాకా తిరిగారు. ఇంత పెద్ద దేశంలో పనిచేసే చేతులు ఎంత తక్కువో కళ్లారా చూశారు. 1834లో ఇంగ్లండు వెళ్లి తోటివారిని వెదకడం ప్రారంభించారు. 1835లో హారియెట్ బేన్స్‌ను రెండో వివాహం చేసుకున్నారు.

డెవన్ ప్రాంతంలోని బార్న్‌స్టేపుల్ పట్టణంలో రాబర్ట్ చాప్‌మన్ నడిపే సంఘం ఉండేది. అక్కడ దొరికినవారే బౌడెన్, బీర్. కళాశాల చదువు లేదు. గురుపట్టం లేదు. జీతమిచ్చే సొసైటీ లేదు. చేతిలో పని ఉంది, గుండెలో ధైర్యం ఉంది. ఇద్దరూ భార్యలతో సహా రావడానికి సిద్ధపడ్డారు. భార్యలను ఒప్పించడానికి గ్రోవ్స్ మాదిరి పదేళ్లు ఆగవలసిన అవసరం వీరికి రాలేదు.

1836 మార్చిలో "పర్‌ఫెక్ట్" అనే ఓడలో బయలుదేరి జూలైలో మద్రాసులో దిగారు. సూయజ్ కాలువ 1869లో గానీ తెరవలేదు కనుక ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసిందే. ఆ ఓడలోనే గ్రోవ్స్ పిల్లల ఉపాధ్యాయుడిగా హెర్మన్ గుండర్ట్ అనే జర్మన్ యువకుడు ఉన్నాడు. దారి పొడవునా బెంగాలీ, హిందుస్తానీ, తెలుగు నేర్చుకుంటూ వచ్చాడు. తరువాత మలబారు వెళ్లి, 1872లో ప్రసిద్ధమైన మలయాళ నిఘంటువు ప్రకటించిన గుండర్ట్ ఆయనే.

నరసాపురంలో రెండు కాపురాలు

బౌడెన్, బీర్ దంపతులు మద్రాసు నుంచి మచిలీపట్నం వచ్చి తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు. 1837లో నరసాపురం చేరారు. వారు వచ్చేనాటికి ఈ నేల దీనస్థితిలో ఉంది. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన కరువు దెబ్బ నుంచి జనం ఇంకా కోలుకోలేదు. 1839లో కోరంగి రేవును ముంచిన ఉప్పెన వారి కాలంలోనే వచ్చింది. గోదావరి నీరు సముద్రంలో కలిసిపోతుంటే పక్కనే పొలాలు ఎండిపోయే రోజులవి.

వీరికి నెల జీతం లేదు. ఇంగ్లండులోని సంఘాల వారు ఇష్టపడి పంపినప్పుడే సొమ్ము. ఉత్తరం వెళ్లడానికి నాలుగైదు నెలలు, జవాబు రావడానికి మరో నాలుగైదు నెలలు. ఇంట్లో బియ్యం నిండుకున్న సంగతి ఉత్తరం రాసి తెలియజేస్తే, దాని జవాబు వచ్చేసరికి మళ్లీ పంట చేతికి వచ్చేది. ఇంటికి వెళ్లి రావడం ఊహకు కూడా దూరం. వెళ్లేటప్పుడు ఆలస్యమైన గ్రోవ్స్‌ది ఒక రకం ఎదురుచూపు అయితే, వచ్చాక ఉత్తరం కోసం చూసే వీరిది ఇంకొక రకం.

1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది. వేలాదిమంది కూలీలు, మేస్త్రీలు నది ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. ఆ జనం మధ్యకు డెల్టా మిషన్ వారు వెళ్లారు. గ్రోవ్స్‌ను పిలిచిన కాటన్ దొరే ఆ పనికి పెద్ద. 1852లో ఆనకట్ట పూర్తయింది. దాని కాలువల నీరు ఏలూరు దాకా పారింది. బౌడెన్, బీర్ కుటుంబాల పిల్లలు పెద్దవారై తండ్రుల పని కొనసాగించారు.

నరసాపురం చుట్టుపక్కల స్త్రీలు నేటికీ అల్లే లేసు పని కూడా మిషనరీ కుటుంబాల స్త్రీల ద్వారా వచ్చినదే. దారం, సూది పట్టుకుని ఇంటి అరుగు మీద అల్లిన ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

లాభమా, నష్టమా?

గ్రోవ్స్ మాత్రం చిత్తూరులో కాపురం పెట్టారు. ఎవరి మీదా ఆధారపడకుండా పని సాగాలని పట్టుపురుగుల పెంపకం, వ్యవసాయం చేపట్టారు. అది కలిసిరాక అప్పులపాలయ్యారు. అయినా వెనుకంజ వేయలేదు. ఆరోగ్యం చెడి ఇంగ్లండు వెళ్లి, 1853 మే 20న బ్రిస్టల్‌లో జార్జి ముల్లర్ ఇంట్లో మరణించారు. ఆనకట్ట పూర్తయిన మరుసటి ఏడే అది.

ఆ పదమూడేళ్ల ఆలస్యాన్ని ఏమని లెక్కకట్టాలి? పెళ్లయిన వెంటనే సొసైటీ ఉద్యోగిగా వెళ్లి ఉంటే గ్రోవ్స్ పట్టం పొందిన అందరు మిషనరీల్లో ఒకరయ్యేవారు. పట్టా, జీతం లేకుండా మామూలు పనివాడు కూడా వెళ్లవచ్చునన్న ఆలోచన పుట్టి ఉండేది కాదు. ఆ ఆలోచన లేకపోతే బార్న్‌స్టేపుల్ మేస్త్రీకి, జోళ్ల పనివాడికి నరసాపురంతో పని ఏముంది? ఇది లాభం వైపు.

నష్టం వైపు మేరీ ఉన్నారు. పసిబిడ్డ ఉంది. అలెప్పోలో ఏడాది ఆగిన బృందం సకాలంలో చేరి ఉంటే ప్లేగు ఆగేది కాదు గాని, తల్లి పోయిన ఆ ఇంట్లో పిల్లలను పట్టుకునే మనిషి ఒకరు ఉండేవారు. బయలుదేరక ముందు జరిగిన ఆలస్యం ఆ కుటుంబాన్ని గట్టిపరిచింది. బయలుదేరాక దారిలో జరిగిన ఆలస్యం గాయపరిచింది. రెండూ ఒకటి కావు.

నేడు విదేశ ప్రయాణం తలపెట్టిన ఇళ్లవారు ఈ తేడా గమనించడం మంచిది. ఇల్లాలు గాని, ఇంటాయన గాని వద్దంటే ఆ మాటలో ఉన్న భయమేమిటో కూర్చుని వినాలి. అందుకు నెలలు పట్టినా నష్టం లేదు. వీసా చేతికి రాకముందే ఉన్న పని వదిలి, ఉన్న గేదెను అమ్ముకుని దారిలో కూర్చోవడమే అసలు ప్రమాదం. గ్రోవ్స్ ప్రాక్టీసు వదిలారు, నిజమే. ఇంటిల్లిపాదీ ఒక మాట మీదికి వచ్చాకనే వదిలారు.